తొంభై కిలోల నమ్మకం

ఆ ఉదయం రామకోటేశ్వరరావు చేతిలో ఉన్నవి రెండు. ఒకటి, వర్ని రోడ్డు మీద తండ్రి పెట్టిపోయిన ధర్మకాంటా. ఇంతవరకు ఏ లారీ డ్రైవరూ దాని తూకాన్ని అనుమానించలేదు. రెండోది, భార్య ఇందిరాదేవి ఇచ్చిన మాట. ఈ రోజు కూడా కాంటా మీద ఆయన బరువు తొంభై అని వస్తే జొన్నరొట్టెల శిక్ష రద్దు, రాత్రికి గోంగూర మాంసం, తెల్లన్నం. మూడోది ఇంకా చేతికి రావలసి ఉంది. ఈ సీజను వడ్లన్నీ ఎవరి కాంటా మీద తూయించాలో తేల్చుకోవడానికి కోటగిరి రైతు సంఘం వాళ్లు పొద్దున్నే వస్తున్నారు. ఉన్న రెంటినీ పెట్టుబడిగా పెట్టి మూడోదాన్ని పట్టడం ఆయనకు కొత్త కాదు.

జొన్నరొట్టెలు వేసవిలో మొదలయ్యాయి. రక్తపరీక్ష చూసి డాక్టరు షుగరన్నాడు. చెరుకు పండే నేల మీద పుట్టినవాడికి షుగరు కాక ఇంకేం వస్తుందని రామకోటేశ్వరరావు తేలిగ్గా తీసుకున్నాడు. ఇందిరాదేవి తేలిగ్గా తీసుకోలేదు. అప్పటినుంచి పూటపూటా రొట్టె, పరగడుపున మెంతుల నీళ్లు, తెల్లవారకముందే కాలువ గట్టు మీద నడక. ఆయన మాత్రం రోజూ ఇంటికి రాగానే ఒకే వార్త చెప్పేవాడు.

"తొంభై. పెళ్లినాడెంతో ఇవాళా అంతే. నీ రొట్టెలు నా మీద పనిచెయ్యవు, ఇందిరా."

"ఇంట్లోకి చిన్న తూకం మిషను ఒకటి కొనుక్కుందామండీ," అని ఆమె ఒకసారి అంది.

"లారీలు తూచే కాంటా ఉన్నవాడు పళ్లెమంత మిషను ఎక్కుతాడా? నలుగురూ వింటే నవ్విపోతారు."

చివరికి దీపావళి మర్నాటిదాకా గడువు పెట్టుకున్నారు. ఆ మర్నాడే ఈ రోజు.

కాంటాకు ఒక ఆనవాయితీ ఉంది. తండ్రి చెరుకు బండ్లు తూచిన కాలం నుంచీ అది నడుస్తోంది. పొద్దున్నే మొదటి బండి ఎక్కకముందు యజమాని చెప్పులు విప్పి, ఇనప పలకకు దణ్ణం పెట్టి, నడిమధ్యన నిలబడాలి. అదే బోణీ. లోపల గదిలో కంప్యూటరు ముందు కూర్చున్న భూమేష్ అంకె చదివి కేకవెయ్యాలి. లారీల కోసం పుట్టిన కాంటా కనుక అది కిలోలను లెక్కచెయ్యదు, పదుల్లోనే మాట్లాడుతుంది. ఆయనకు రోజూ తొంభై అని చెప్పేది. రామకోటేశ్వరరావు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తొంభైతో పాటు గోంగూర వాసన కూడా అందుతుందనుకున్నాడు.

"సేటూ, ఎనభై!" అన్నాడు భూమేష్.

"కళ్లు తుడుచుకుని చూడు."

"తుడుసుకునే సూసిన. ఎనభయ్యే. గీడ ఎర్రగ రాసి కూడ వచ్చింది, కాంటా సరిలేదు అని. తూకం చిట్టీ కొడ్తలేదు."

ఆయన దిగి మళ్లీ ఎక్కాడు. ఎనభై. భూమేష్‌ను ఎక్కించి తాను చూశాడు. అరవై, అదే ఎర్ర అక్షరాలు. చేతి గడియారం జారి అరచేతి దగ్గరికొస్తే పైకి తోసుకున్నాడు. ఈ మధ్య దాని గొలుసు సాగిపోయింది, ఇప్పటి వస్తువుల్లో నాణ్యత ఎక్కడిది? తర్వాత లెక్క వేశాడు. తాను తొంభై. కాంటా ఎనభై అంటోంది. అంటే కాంటా పది కిలోలు తక్కువ చూపిస్తోంది. తిరగేసి చూసినా, బోర్లేసి చూసినా ఆ లెక్కలో తప్పు కనబడలేదు.

కాంటా ప్రోగ్రాం రాసింది ఆ ఊరి కుర్రాడే, హనోకు కొడుకు స్టీవెన్. పాలిటెక్నిక్ చదివే రోజుల్లో రాసిచ్చాడు. ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఫోను ఎత్తగానే ఒకటే అడిగాడు.

"ఏం మార్చిండ్రు అంకుల్?"

"ఏమీ మార్చలేదయ్యా. నిన్న తాళం వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

"ఏదో ఒకటి మారకుంట ఊకెనే ఆగది అది."

"ఇన్నేళ్లు మారు మాట్లాడకుండా పనిచేసింది, స్టీవెన్!"

"గందుకే భయమైతుంది. ఇన్నేండ్లు ముట్టకుంట ఉన్నదాన్ల నేనేం రాసిన్నో నాకే యాదికి లేదు. బండి మీద వస్తున్న. నేనొచ్చేదాక మీరు ఏం చెయ్యకుండ్రి."

ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఒక్కటే రామకోటేశ్వరరావుకు చేతకాని పని. ముందు భూమేష్‌ను నిలదీశాడు.

"నిజం చెప్పు. ఏం కదిపావు?"

"ఏం కదుపలే సేటూ. కీబోర్డు తుడిసిన. అంతే."

"ఇంకా?"

"క్యాలెండరు పక్క మొలకు తగిలిచ్చిన. నిన్న పూజల దీపం కంప్యూటరుకు ఎడమ దిక్కు పెట్టిన. ఎప్పుడు కుడి దిక్కే పెడ్తుంటిమి."

క్యాలెండరు పాత మేకుకు తిరిగొచ్చింది. దీపం కుడివైపు వెలిగింది. తుడిచిన కీబోర్డు మీద రామకోటేశ్వరరావు స్వయంగా కాస్త దుమ్ము చల్లాడు. అయినా ఎనభయ్యే. పలక కింది గోతిలో బురద చేరిందేమోనని గొట్టంతో నీళ్లు కొట్టించాడు. నాలుగు కప్పలు బయటికొచ్చాయి, పోయిన పది కిలోలు మాత్రం రాలేదు. ఈలోగా రోడ్డు మీద వడ్ల లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్నాయి.

ఎదురుగా భానుప్రసాద్ రైస్ మిల్లు ఉంది. చిన్నప్పటి స్నేహితుడు, అడగ్గానే హమాలీల చేత పది బియ్యం బస్తాలు పంపించి తానూ వెనకే వచ్చాడు. ఒక్కోటి యాభై కిలోల బస్తా. కాంటా మీద పేర్చారు. అయిదొందలు చూపించింది.

"సూసినవా? కాంటా బరాబరే ఉన్నది," అన్నాడు భానుప్రసాద్.

రామకోటేశ్వరరావు తల అడ్డంగా ఊపాడు. "బరాబరుగా ఎలా ఉంటుంది? పది కిలోలు తక్కువ చూపించే కాంటా ఇది. దీని మీద అయిదొందలు వచ్చిందంటే నీ బస్తాల్లో అయిదొందల పది ఉన్నట్టు. బస్తాకు కిలో చొప్పున ఎక్కువ పోస్తున్నావు, భానూ."

హమాలీలు బీడీలు ఆపి చూశారు. భానుప్రసాద్ ముఖం ఎర్రబడింది.

"ఏమన్నవ్?"

"ఎక్కువ పోస్తున్నావన్నాను."

"తక్కువ పోసిన్నంటె పడ్త. మా తాత కాలం సంది అంటనే ఉన్నరు, అలవాటైంది. ఎక్కువ పోస్తున్ననా? గీ హమాలీల ముంగట గంత మాట అంటవా? గిది బజార్ల తెలిస్తె నా మిల్లు మొఖం ఎవడన్న సూస్తడా?"

"లెక్క చెప్పింది నేను కాదు, కాంటా."

"నీ కాంటాను గోదాట్లెయ్యి! ఒరేయ్, మిల్లుల చిన్న తరాజు పట్టుకరాండ్రి. ఒక్కొక్క బస్తా గీడనే, నడిరోడ్డు మీద తూస్తం. గ్రాము ఎక్కువున్నా నేను మిల్లు బందు పెడ్త!"

తరాజు వచ్చింది. బస్తాలు రోడ్డు మీదికి దిగాయి. ఇటు వర్ని నుంచి వచ్చే బస్సు, అటు బోధన్ నుంచి వచ్చే ట్రాక్టర్లు ఆగిపోయాయి. ఆగినవాళ్లు దిగారు, దిగినవాళ్లు విషయం అడిగారు. బస్సు వెనక సీటుకు చేరేసరికి కథ పెరిగింది. ధర్మకాంటా ఎప్పటినుంచో పది కిలోలు మింగుతోందట, ఇవాళ మిల్లు ఆయనే పట్టుకున్నాడట. నిన్న వడ్లు తూయించుకుపోయిన ఇద్దరు రైతులు చిట్టీలు పట్టుకుని తిరిగొచ్చారు. మళ్లీ తూస్తేనే కదిలేదన్నారు.

అటువంటి సమయానికి ఆత్మారాం రాకుండా ఉంటాడా? బోధన్ వైపు కొత్త కాంటా పెట్టింది ఆయనే. చేతిలో దీపావళి మిఠాయి డబ్బా, ముఖం నిండా దుఃఖం.

"తినుండ్రి రావు సాబ్. పరేషాన్ల నోరు తీపి చేసుకోవాలె."

"షుగరు నాకు," అన్నాడు రామకోటేశ్వరరావు పళ్లబిగువున.

"అయ్యో! గది కూడ ఉన్నదా? నా కాంటా ఖాళీగనే ఉన్నది, లారీలన్ని అటు తోలుండ్రి. గిసొంటప్పుడు ఆదుకోకుంటె దోస్తానా ఎందుకు?"

ఆయన మాట పూర్తికాకముందే కోటగిరి జీపు వచ్చి ఆగింది. రైతు సంఘం పెద్ద ముత్యం దిగి కప్పలను, దీపాన్ని, బస్తాలను, మిఠాయి డబ్బాను వరుసగా చూశాడు. ఆ వెనకే స్టీవెన్ మోటారు సైకిలు వచ్చింది. అతను నేరుగా గదిలోకి దూరాడు. ఆ గందరగోళంలో స్కూటీ దిగి, రొట్టెల క్యారియరు పట్టుకుని జనం వెనక నిలబడ్డ ఇందిరాదేవిని ఎవరూ గమనించలేదు.

"ఏంది కత రావు సాబ్?" అన్నాడు ముత్యం. "మేం నమ్మకం మీద వచ్చినం. గీడ సూస్తె జాతర లెక్కున్నది."

రామకోటేశ్వరరావు లెక్క వేసుకున్నాడు. అబద్ధం ఆడితే సీజను దక్కుతుంది. కానీ తప్పు కాంటా మీద దక్కిన సీజను వచ్చే ఏటికి నిలవదు. అంతకన్నా, ఆ పలక మీద తండ్రి ఇరవయ్యేళ్లు నిలబడ్డాడు.

"ముత్యం, కాంటా తప్పు పడింది. ఎలా పడిందో తెలియదు. మా నాన్న పెట్టిన కాంటా మీద తప్పు చిట్టీ బయటికి వెళ్లదు. ఈ సీజను మీరు ఆత్మారాం దగ్గరికే..."

"ఆగుండ్రి అంకుల్!" గదిలోంచి స్టీవెన్ కేక వేశాడు. "దొరికింది!"

అందరూ కిటికీ దగ్గరికి మూగారు. స్టీవెన్ తెర మీద ఒక వరుసను వేలితో చూపించాడు. "పొద్దుగాల మొదటి తూకం తొంభై కాకపోతె కాంటా ఖరాబైనట్టు, చిట్టీలు ఆపు అని ఉన్నది గీడ. నేనే రాసిన."

"ఎవడు రాయమన్నాడు నిన్ను?"

"మీరే. కాంటా సరిగ్గున్నదని రోజు పొద్దుగాల ఎట్ల తెలుస్తది అంకుల్ అని నేను అడిగిన. 'నేను నిలబడితే తొంభై చూపాలి. నేను మారను. తేడా వస్తే మారింది కాంటాయే' అన్నరు. గా మాట మస్తు నచ్చి, అట్లనే ప్రోగ్రాంల పెట్టిన."

"సరే. మరి ఎనభై ఎందుకు చూపిస్తోంది?"

స్టీవెన్ కాస్త ఇబ్బందిగా కదిలాడు. "మీరు ఎనభైకి వచ్చిండ్రు కాబట్టి."

స్టీవెన్ వివరించాడు. "గిది పదులల్లనే చెప్తది గద. తొంభైనాలుగున్నా తొంభయ్యే, ఎనభై ఆరున్నా తొంభయ్యే. మీరు ఎండకాలం సంది తగ్గుకుంటనే వచ్చిండ్రు, గది తొంభై అనుకుంటనే వచ్చింది. ఇయ్యాల జర గీత దాటిండ్రు, ఎనభై అన్నది. ప్రోగ్రాంల అక్షరం మారలే అంకుల్. మారింది మీరే."

అప్పుడు జనమంతా ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూశారు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది. బెల్టు కొస నడుము దాటి వీపు దాకా ప్రయాణం చేసింది. గడియారం మళ్లీ జారింది.

"మరి నా బస్తాలు?" అని భానుప్రసాద్ రోడ్డు మీదనుంచి అరిచాడు.

"సరిగ్గా యాభయ్యే ఉంటాయిలే, భానూ."

"గట్టిగ చెప్పు! హమాలీలకు ఇనవడాలె!"

ముత్యం చెయ్యెత్తాడు. "ఆగుండ్రి. పోరడు చెప్పింది ఇన్న. నాకు మీ నోటితోని కావాలె రావు సాబ్. కాంటా తగ్గిందా, మీరు తగ్గిండ్రా? ఒక్కటి చెప్పుండ్రి."

జనం పక్కకు జరిగారు. మధ్యలో క్యారియరుతో ఇందిరాదేవి కనిపించింది. ఆమె దాన్ని కాస్త పైకెత్తి చూపింది. రామకోటేశ్వరరావు మనసులో తరాజు ఎత్తాడు. ఒక పళ్లెంలో కోటగిరి వడ్లు, తండ్రి పేరు. రెండో పళ్లెంలో గోంగూర మాంసం. కాంటా నిజమైతే తాను తగ్గినట్టు. తాను తగ్గితే రొట్టెలు గెలిచినట్టు. చాలాసేపు ముల్లు అటూ ఇటూ ఊగింది.

"కాంటా నిజం," అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "నేనే తగ్గాను."

"వినపడలేదండీ," అంది ఇందిరాదేవి.

"తగ్గాను! జొన్నరొట్టెలతోనే తగ్గాను!"

హమాలీలు ఈలలు వేశారు. ముత్యం రోడ్డు మీది తరాజు దగ్గరికి నడిచి హమాలీలను రెండు తూకాల లెక్కా అడిగాడు. "విడివిడిగ యాభై. కాంటా మీద కలిపి అయిదొందలు. మేం పరీక్ష పెట్టాలని వచ్చినం, మీరే నడిరోడ్డు మీద పెట్టుకున్నరు. పైకెల్లి యజమాని బరువుల తేడా వచ్చినా ఒప్పుకోక ఆగిన కాంటా ఇది. వడ్లన్ని ఈడికే వస్తయి." తర్వాత ఆత్మారాం చేతిలోంచి డబ్బా తీసుకుని తెరిచాడు. "మిఠాయి మంచి టైముకు తెచ్చినవే, ఆత్మారాం."

రామకోటేశ్వరరావు తప్ప అందరూ తిన్నారు.

లోపల స్టీవెన్ కీబోర్డు మీది దుమ్ము ఊదుతూ అడిగాడు. "అంకుల్, గా తొంభై తీసేస్త. ఏం పెట్టాలె?"

"ఏమీ పెట్టొద్దు. మొత్తం..."

"ఎనభై పెట్టు బాబూ," అంది ఇందిరాదేవి కిటికీలోంచి. "మళ్లీ తొంభై వచ్చిందా, కాంటా ఆగిపోవాలి."

"ఆంటీ, సీజను నడుమ ఆగితె మస్తు నష్టమైతది."

"ఆగదులే. తిండి నేను చూసుకుంటాను."

స్టీవెన్ యజమాని వంక చూశాడు. యజమాని ముత్యం వంక చూశాడు. ముత్యం మిఠాయి నములుతూ, "ఆమె చెప్పింది కరెక్టు," అన్నాడు. ఎనభై పడింది.

ఆ రాత్రి ఇంట్లో గోంగూర ఉంది, పప్పులో. రామకోటేశ్వరరావు రెండో రొట్టె కోసం చెయ్యి చాపితే ఇందిరాదేవి పళ్లెం పక్కకు జరిపింది. "రేపు పొద్దున్నే బోణీ ఉందండీ," అంది. ఆయన చెయ్యి కడుక్కుని లెక్క చూసుకున్నాడు. కోటగిరి వడ్లు వచ్చాయి, తండ్రి పేరు నిలిచింది, ఒంటి మీద పది కిలోలు పోయాయి. అన్నీ కూడి చూస్తే లాభమే. అందులో తినడానికి పనికొచ్చేది మాత్రం ఏమీ లేదు.