ఏడో నంబరు సంచి

ఉదయం ఆరున్నరకి కొండకి బయలుదేరాలి. ఆరింటికే ఏడు సంచులు గుమ్మం దగ్గర వరసగా నిలబడ్డాయి. ఒక్కోదాని మూతి తాడుతో బిగించి, ముడి మీద లక్క వేసి, అంకె రాసిన చీటీ అంటించాడు నాన్న. ఆయన పార్సిల్ ఆఫీసులో సూపర్‌వైజరు. ఇంట్లోనూ ఆఫీసు రూలే. సీలు పడ్డాక సంచి విప్పకూడదు. చీటీ ఏం చెబితే అదే నిజం.

నాలుగో నంబరులో స్వెటర్లు, కోట్లు, మఫ్లర్లు ఉన్నాయి. ఏడో నంబరు మాత్రం కొండకి కాదు, పరుపులు కుట్టే ఆయనకి. అందులో మూడు గుడ్డబొమ్మలున్నాయి. ఒంటికన్ను ముసలి ఎలుగు, చిన్నేనుగు, కోతి.

"పాపకి ఎనిమిదేళ్ళొచ్చాయి. పెద్దదైంది. ఇంకా బొమ్మలేంటి?" అని నిన్న నాన్న తేల్చేశాడు. ఉతకడానికి పంపిస్తున్నానని పాపతో చెప్పాడు. నిజానికి పరుపులాయన వాటి పొట్టలు కోసి, దూది ఏకి, కొత్త పరుపులో నింపుతాడు.

పోయిన ఏడాది పెద్దేనుగు ఇలాగే వెళ్ళింది. ఆమె ఎలుగు భార్య. వెళ్ళినామె దిండుగా తిరిగొచ్చింది. ఏడాదిగా నాన్న రోజూ ఆమె మీదే తలపెట్టి గురకపెడుతున్నాడు. ఎలుగు అది మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

చిన్నేనుగునీ పెద్దేనుగునీ ఒకే బూడిదరంగు గుడ్డలోంచి కత్తిరించారు. అలా అక్కచెల్లెళ్ళయ్యారు. కోతి ఎవరికీ ఏమీ కాడు. సబ్బులు కొంటే ఉచితంగా వచ్చాడు.

"మన పని అయిపోయినట్టేనా బావా?" అంది చిన్నేనుగు.

"నేను పరుపు కాను," అన్నాడు ఎలుగు.

"కానంటే ఎవరు వింటారు పెద్దాయనా?" కోతి వణికాడు. "గుడ్డబొమ్మలం. మన చేతిలో ఏముంది?"

"పడటం ఉంది."

బొమ్మలకి తెలిసిన విద్య అదొక్కటే. మనుషులు గాలి అనుకుంటారు, లేదా బల్ల వంకరనుకుంటారు. ఎలుగు మూడు లెక్కపెట్టాడు. ముగ్గురూ ఒకేసారి కుడికి ఒరిగారు. ఏడో నంబరు పోయి పక్కనే ఉన్న నాలుగో నంబరు మీద పడింది. రెండూ కలిసి మెట్ల మీంచి దొర్లాయి. లక్క నిలిచింది. జిగురు తడి ఆరలేదు కాబట్టి చీటీలు రెండూ ఊడి నేల మీద పడ్డాయి.

"ఏవండీ!" అమ్మ కేకేసింది. "రెండు చీటీలు ఊడాయి. రెండు సంచులూ ఒకేలా ఉన్నాయి. విప్పి చూడనా?"

"విప్పడమేంటి, సీలు పడితే!" నాన్న సగం గడ్డం నురగతో పరుగెత్తుకొచ్చాడు. "పదిహేనేళ్ళ చెయ్యి ఇది. నొక్కితే చాలు, లోపలేముందో చెప్పేస్తుంది."

ముందు కోట్ల సంచి నొక్కాడు. "గట్టిగా, గుండ్రంగా ఏవో తగులుతున్నాయి. ఇంకేముంది, బొమ్మల కళ్ళు." అవి కోటు గుండీలు.

"మెత్తబడండి," అన్నాడు ఎలుగు రెండో సంచిలో.

నాన్న బొటనవేలు ఎలుగు పొట్టలోకి దిగింది. ఎనిమిదేళ్ళు పాప కౌగిట్లో నలిగిన పొట్ట అది, ఎక్కడా అడ్డు చెప్పలేదు. ఎలుగుకి పళ్ళు కొరకాలనిపించింది. కానీ పళ్ళు కుట్టలేదు.

"ఇవీ స్వెటర్లంటే! ఎంత మెత్తగా ఉన్నాయో!"

"విప్పితే ఒక్క నిమిషం పనండీ."

"మళ్ళీ సీలు నువ్వేస్తావా?"

చీటీలు మళ్ళీ అంటుకున్నాయి, తారుమారుగా. పరుపులాయన వచ్చి ఏడో నంబరు భుజానికెత్తుకున్నాడు.

"లోపలున్నదంతా చింపి, ఏకి, నింపెయ్," అన్నాడు నాన్న. "ఒక్కటీ మిగల్చకు."

"ఓసారి విప్పి చూసుకోనా సార్?"

"చీటీ ఉందిగా."

"సరే సార్. ఒక్కటీ మిగల్చను." మాట మీద నిలబడే మనిషి.

బండి వెనక భాగంలో, అద్దం పక్కన, నాలుగో నంబరు కూర్చుంది. దాని పక్కన నాన్న తన దిండు పెట్టాడు. పరాయి దిండు మీద ఆయనకి నిద్రపట్టదు. సంచికి ఓ మూల గుండీ అంత చిరుగుంది. ఎలుగు అక్కడ కన్ను ఆనించాడు.

"ఎలా ఉన్నావ్?" అన్నాడు.

దిండు పలకలేదు. దిండ్లకి నోరుండదు. ఏనుగుగా ఉన్నప్పుడూ ఆమె తక్కువే మాట్లాడేది.

దారి కుదుపులకి సంచి దొర్లినప్పుడల్లా చిరుగు దగ్గరికి ఒకరొకరు వచ్చారు.

"కొండంటే ఏదో అనుకున్నా బావా," అంది చిన్నేనుగు. "ఉతికిన బట్టల కుప్పే. ఎవరూ మడత పెట్టలేదు, అంతే."

"నిండా చెట్లే," అన్నాడు కోతి. "ఎవరు చెప్పినా నేనెక్కను."

సగం కొండ ఎక్కాక అడవి గేటు వచ్చింది. అప్పటికి చిరుగు దగ్గర ఎలుగున్నాడు. ఎండ నేరుగా గాజుకన్ను మీద పడింది.

"వెనక్కి జరుగు బావా, ఎవరో చూస్తున్నారు!"

"చూడనీ."

కాపలాదారు అద్దానికి ముక్కు ఆనించి చూసి రెండడుగులు వెనక్కేశాడు. "బండిలో జంతువులున్నాయా?"

"లేవు," అన్నాడు నాన్న.

"ఆ సంచిలో?"

"స్వెటర్లు."

"స్వెటర్లకి కళ్ళుంటాయా? విప్పండి."

"సీలు పడిందండీ. విప్పకూడదు."

ఆ ఒక్క మాటతో కాపలాదారు ఈల ఊదాడు. ఆఫీసరు వచ్చాడు. వల వచ్చింది. ఎలుగుపిల్లని దొంగతనంగా తీసుకెళ్తున్నారని వెనక బండి వాళ్ళు, పులిపిల్లని ఆ వెనక బండి వాళ్ళు చెప్పుకున్నారు. చివరి బండి దాకా వెళ్ళేసరికి సంచిలో పెద్దపులే ఉంది, అది ఒకరిని కరిచింది కూడా. జనం బండ్లు వదిలేసి రోడ్డు పక్క గట్టు మీదికెక్కారు.

"విప్పండీ, మీకు పుణ్యముంటుంది!" అంది అమ్మ.

"చీటీ మీద నాలుగని రాసుంది కదే!"

ఆఫీసరు పొడవాటి కర్రకి కత్తి కట్టి తాడు తెంపాడు. చిన్నేనుగు దొర్లి ఆయన బూటు మీద పడింది. దాని మీద కోతి పడ్డాడు. ఎలుగు కూర్చునే దిగాడు.

"ఉతకడం అప్పుడే అయిపోయిందా నాన్నా?" అంది పాప.

అమ్మ నాన్నకేసి చూసింది. "మరి మన కోట్లు?"

నాన్న జేబులోంచి ఫోన్ తీశాడు. కొండ మీద సిగ్నల్ లేదు.

సాయంత్రానికి పైన బసకి చేరారు. చలి ఎముకల్లోకి దిగుతోంది. బసలో ఇచ్చిన రెండు పల్చటి దుప్పట్లు అమ్మా పాపా కప్పుకున్నారు. నాన్న కోతి చేతులు మెడకి మఫ్లరులా ముడేసుకున్నాడు. చిన్నేనుగుని తల మీద బోర్లించి, దాని చెవులు తన చెవుల మీదికి లాక్కున్నాడు. పక్కగది ఆవిడ తలుపు తట్టింది. "మా వాడు మీతో ఫోటో దిగుతానంటున్నాడండీ."

ఫోటో అయ్యాక నాన్న పళ్ళు టకటకలాడాయి. "ఆ ఎలుగుని కూడా ఇటివ్వమ్మా. ఛాతీ బిగుసుకుపోతోంది."

"ఇవ్వను," అంది పాప.

"నాన్నని కదా తల్లీ."

"పెద్దేనుగుని కూడా ఉతకడానికే అన్నావ్. అది నీ దిండు. గలీబు తీసి చూశా, లోపల దాని గుడ్డే ఉంది."

నాన్న అమ్మకేసి చూశాడు. అమ్మ కిటికీలోంచి కొండని చూస్తోంది. పొద్దుట్నుంచీ చూడనిది, ఇప్పుడు చాలా శ్రద్ధగా చూస్తోంది.

"ఏం చెయ్యమంటావ్?"

"దిండు ఎలుగుకిచ్చెయ్. ఇంకెవర్నీ పంపనని రాసివ్వు."

"మరి నేను తల దేనిమీద పెట్టుకోను?"

"నువ్వు పెద్దాడివి కదా. ఇంకా దిండేంటి?"

నాన్న కాగితం మీద రాశాడు.

"సీలెయ్యి," అంది పాప.

వెంట తెచ్చుకున్న లక్క కరిగించి సీలు కూడా వేశాడు. అప్పుడు గానీ ఎలుగు ఆయన చొక్కాలోకి దిగలేదు. వెచ్చదనం ఇచ్చాడు. క్షమించి కాదు, దూది గుణం అంతే. ఒళ్ళు వెచ్చబడగానే నాన్న నిద్రపోయాడు. ఎలుగు చొక్కాలోంచి జారి పడ్డాడు. సరిగ్గా దిండు మీదే పడ్డాడు.

పొద్దున్న కొండ దిగుతుంటే ఫోన్ మోగింది.

"పరుపు రెడీ సార్!" పరుపులాయన గొంతులో గర్వం పొంగింది. "మీ బొమ్మల్లో అంతా ఊలే సార్! పరుపు ఎంత వెచ్చగా వచ్చిందో! ఒక్కటీ మిగల్చొద్దన్నారుగా, గుండీలూ జిప్పులూ కూడా లోపలే పెట్టేశా. నలువైపులా గట్టి కుట్టు వేసేశా."

ఇప్పుడు నాన్న దిండు లేకుండా తన కోట్ల మీదే పడుకుంటున్నాడు. వీపు కింద ఒక జిప్పు రోజూ గుచ్చుకుంటోంది. నిన్న కత్తెర తీసుకుని పరుపు దగ్గరికి వెళితే, దిండునీ ఎలుగునీ చంకలో పెట్టుకుని పాప గుమ్మంలో నిలబడింది.

"సీలు పడింది నాన్నా," అంది.