బావమరిది మెడలో పెన్ డ్రైవ్

టైల్స్ షావుకారు కొట్లో కంప్యూటర్‌కు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది. ఎక్కించినవాడు స్వయానా బావమరిది. సదరు కార్యంలో లోపమేమీ లేదు, కంప్యూటర్ లేవకపోవడం తప్ప.

కంప్యూటర్‌ను నిద్రలేపే చిన్న ప్రోగ్రామును బూట్ లోడర్ అంటారు. దాన్ని ఎక్కడ పెట్టాలని తెర అడిగినప్పుడు, బావమరిది లోపలి డిస్కును వదిలేసి తాను తెచ్చిన పెన్ డ్రైవ్‌లోనే పెట్టాడు. అది గుచ్చితే కంప్యూటర్ లేస్తుంది, లేకపోతే నల్లతెర. పొరపాటు బయటపడిన క్షణంలోనే దానికి భద్రతా విధానమని నామకరణం చేసి, తాడు కట్టి మెడలో వేసుకున్నాడు.

ఆనాటి నుంచి కొట్టు తాళం షావుకారు తీసేవాడు, వ్యాపారం బావమరిది తెరిచేవాడు. ఒకప్పుడు అతణ్ణి కూర్చోమని కూడా అనని గుమాస్తాలు ఇప్పుడు కుర్చీ తుడిచి మరీ వేసేవారు. "మా తమ్ముడు రానిదే మీ కొట్టు తెల్లారదు" అని భార్య వడ్డిస్తూ గుర్తుచేసేది. అందులో అబద్ధం లేదు గనుక షావుకారు మంచినీళ్లు తాగేవాడు.

ఒకరోజు అపార్ట్‌మెంట్ మొత్తానికి టైల్స్ కావాలని బిల్డర్ వచ్చాడు. ధరలు, నిల్వలు అన్నీ కంప్యూటర్లో. బావమరిది సెలూన్లో.

"సగం గడ్డం అయింది బావా. ఆయనకి కాఫీ ఇప్పించండి, వచ్చేస్తా" అన్నాడు ఫోన్లో.

బిల్డర్ ఎదురు కొట్టు వైపు చూశాడు. ఆ చూపు ఖరీదెంతో షావుకారుకు తెలుసు. పక్క కొట్టు రిపేరువాణ్ణి పిలిచాడు. అతను తన పెన్ డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపి, బూట్ లోడర్‌ను లోపలి డిస్కులో పెట్టి, పెన్ డ్రైవ్ పీకేశాడు. కంప్యూటర్ తనంతట తానే లేచింది. ఆర్డరు దక్కింది. రిపేరువాడు వెళ్లిపోవడం ఎవరూ గమనించలేదు. సరిగ్గా పని చేసినవాడితో మళ్లీ అవసరమేముంటుంది?

బావమరిది నున్నటి గడ్డంతో వచ్చి నిర్ఘాంతపోయాడు.

"ఎంత పని చేశారు బావా. ఇక ఎవడు మీట నొక్కినా లేస్తుందే."

"చేతికందివచ్చినవాణ్ణి చెడగొట్టుకున్నారు" అంది భార్య.

ఆ వారమే వర్తక సంఘం బావమరిదిని సాంకేతిక సలహాదారుగా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. "ఎవరు రాకపోతే పని ఆగిపోతుందో, వారే సమర్థులు!" అని అధ్యక్షులవారు ఉపన్యసించారు. పేరు ప్రతిపాదించినవాడు షావుకారే. ఇంటి నష్టాన్ని పదిమందికీ పంచితే దాన్ని ప్రజాసేవ అంటారని వ్యాపారికి ఒకరు చెప్పాలా? చప్పట్లు కొట్టినవాళ్లలో, గుర్తుందో లేదో, మీరూ ఉన్నారు.