ముక్తేశ్వరరావు పులిసిన వైనం

ముక్తేశ్వరరావు బకెట్లో వేసిన ఐరిష్ రెడ్ ఏల్ అనే బీరు పులియలేదు. దానికి బదులు ముక్తేశ్వరరావు పులిశాడు. మే నెల విజయవాడలో పొద్దున వండిన పప్పు సాయంత్రానికి పులుస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ దీన్ని వింతగా తీసుకోలేదు. ఆయన భార్య హైమ, ఏ కూర మీదన్నా అనుమానం వస్తే చేసే పనే చేసింది. దగ్గరికొచ్చి వాసన చూసింది. పారబొయ్యాల్సినంత ఏమీ లేదనిపించింది.

ముక్తేశ్వరరావు ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో డిప్యూటీ మేనేజరు. పెళ్లిళ్లలో కూడా మజ్జిగ తప్ప ముట్టని మనిషి. ఆఫీసువాళ్లు ఒకసారి ట్రైనింగుకని బెంగుళూరు పంపిస్తే, అక్కడెవరో ఈ బీరు అరగ్లాసు పోయించారు. ఎర్రగా, కాస్త తియ్యగా, చివర్న మాడిన గింజ వాసనతో ఉన్న ఆ అరగ్లాసుతో ఆయన జీవితం దారి మళ్లింది. తాగుడు వేరు, టేస్టు వేరు అని తిరిగొచ్చిన రోజే భార్యకి చెప్పాడు. కొనుక్కునేవాడు తాగుబోతు, ఇంట్లో కాచుకునేవాడు కళాకారుడు అని మర్నాడు చెప్పాడు. ఆ తరవాత పార్సిళ్లు రావడం మొదలైంది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, రంగు కోసం నల్లగా వేయించిన బార్లీ ఇంకో గుప్పెడు, చేదు కోసం హాప్స్ అనే ఎండు పువ్వులు, పులియడానికి ఈస్టు పొట్లం, మూతకి గొట్టం ఉన్న పెద్ద బకెట్. వాళ్లతోనే ఉండే అత్తగారు సుభద్రమ్మకి మాత్రం, షుగరుకి బార్లీ నీళ్లు కాచుకుంటున్నానని చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. బార్లీ ఉంది, నీళ్లున్నాయి, ఆయనకి షుగరుంది.

కాచే రోజున ఆయన గిన్నెలన్నీ మరిగే నీళ్లతో కడిగి, తడిబట్ట కట్టుకుని, వంటింట్లోకి ఎవర్నీ రానివ్వలేదు. ఏ చిన్న మైల తగిలినా బీరు చెడిపోతుందని ఆయన చూసి నేర్చుకున్న వీడియోలో చెప్పారు. అల్లుడు ఇన్నాళ్లకి మడి కట్టుకున్నాడని సుభద్రమ్మ ఎంతో సంతోషించింది. కాచింది చల్లార్చి, బకెట్లో పోసి, ఈస్టు చల్లి, మరగబెట్టిన గరిటెతో కలపబోతుంటే మాత్రం ఆవిడ గుమ్మం అవతల నుంచి ఉండబట్టలేకపోయింది.

"గరిటెతో కలిపితే ఏ పిండన్నా పొంగిందా అల్లుడుగారూ? చెయ్యి పెట్టండి."

"ఇది పిండి కాదండీ అత్తయ్యగారూ."

"పొంగాల్సిందే కదా! పొంగేదేదన్నా చెయ్యి తగిలితేనే పొంగుద్ది. మా ఆయన చేత్తో కలిపితే ఇడ్లీపిండి గిన్నె మూత ఎగిరిపడేది. అందరి చేతులూ ఒకటి కావనుకోండి."

ఈ ఆఖరి మాట తరవాత ఏ అల్లుడైనా చేసే పనే ముక్తేశ్వరరావు చేశాడు. మోచేతి దాకా చెయ్యి ముంచి, దోసెలపిండి కలిపినట్టు గిర్రున కలిపాడు.

ఈస్టుకి చదువు లేకపోయినా ఆలోచన ఉంది. బకెట్లో ఉన్న తీపి ఒక మాదిరిగా ఉంది. అందులో ముంచిన చేతిలో అంతకంటే బాగా ఉంది. ముక్తేశ్వరరావు షుగరు ఆ నెలలో మూడొందలకి తగ్గడం లేదు. మంచి ఉద్యోగం దొరికినవాళ్లు ఊరు మారినట్టు, ఈస్టు మొత్తం చెయ్యి మీదుగా ఆయనలోకి మారిపోయింది.

తెల్లారేసరికి ఆయన పొట్ట బుడుక్ బుడుక్ మంటోంది. ఒళ్లు ఎర్రబడింది. నెత్తి మీద సన్నటి నురగ. డాక్టరు పొట్ట మీద తట్టి, చెవి పెట్టి విని, "మంచి నురగండీ" అన్నాడు. గాలి బయటికి పోవడానికి ఎడమ చెవిలో ఒక గొట్టం పెట్టి, దాని రెండో కొస గ్లాసుడు నీళ్లలో ముంచి, ఆ గ్లాసు చేతికిచ్చాడు. షుగరు సగానికి సగం పడిపోయిందని అభినందించాడు.

"ఈయన్ని ఇరవై డిగ్రీలు దాటనివ్వకండమ్మా. వెలుతురు తగలకూడదు, కుదపకూడదు. ఎండలో తిప్పారంటే వెనిగరైపోతారు."

ఇరవై డిగ్రీల దగ్గరే సమస్య వచ్చింది. వాళ్ల ఇంట్లో ఏసీ ఇరవై ఏడు మీద ఉంటుంది. అది పెళ్లినాటి ప్రమాణాలకంటే గట్టి కట్టుబాటు. రిమోటు సుభద్రమ్మ దిండు కింద ఉంటుంది. ఇరవై ఆరుకి దించితే ఆవిడకి మోకాళ్లు పట్టేస్తాయి. అల్లుడికోసమైనా అత్తగారి మోకాళ్లు పట్టించడం భావ్యం కాదు గనక, ముక్తేశ్వరరావే ఊళ్లో చల్లగా, చీకటిగా, కుదుపు లేకుండా ఉండే చోటు ఎక్కడా అని ఆలోచించాడు. రాత్రింబవళ్లు పద్దెనిమిది డిగ్రీలు తగ్గకుండా, పెరగకుండా ఉండే గది ఒక్కటే ఆయనకి తెలుసు. అది ఆఫీసులో సర్వర్ రూము.

బ్రాంచి మేనేజరు పాల్ జయకర్ ఏమీ అభ్యంతరం పెట్టలేదు. ఆఫీసులో మద్యం సేవించరాదన్న రూలు ఉన్న మాట నిజమే.

"సేవించకూడదన్నారు గానీ, అయిపోకూడదని ఎక్కడా లేదమ్మా" అని హైమకి సర్దిచెప్పాడు. "ఆయన్ని ఎవరూ తాక్కుండా, తాగకుండా చూసే పూచీ నాది. సెలవు కూడా అక్కర్లేదు. ఇరవైనాలుగ్గంటలూ డ్యూటీలో ఉన్నట్టేగా."

కంప్యూటర్ల బీరువాల మధ్య కుర్చీ వేసి ముక్తేశ్వరరావుని కూచోబెట్టారు. పని అక్కడికే పంపేవారు. హైమ రోజూ సాయంత్రం క్యారేజీ పట్టుకెళ్లేది. మొదట్లో ఆయన ఆవిణ్ణి చూడగానే గ్లాసు పక్కన పెట్టి లేచేవాడు.

"ఏంటే హైమూ, ఇంత ఎండలో పడొచ్చావు? మొహం చూడు ఎట్లా కందిపోయిందో. కూచో, చల్లగా ఉంటది."

"మీరెప్పుడొస్తారు ఇంటికి?"

"పులుపాగనీ, వచ్చేస్తా. ఇంట్లో ఉండి ఏం ఊడబొడిచానని అత్తయ్యగారు అడిగితే మాత్రం నువ్వే సమాధానం చెప్పు."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. గ్లాసులో బుడగలు గబగబా లేచేవి.

రెండో వారానికి హైమకి ఒక విషయం అర్థమైంది. ఈస్టు తీపి తింటుంది. ఒంట్లో షుగరు అయిపోయాక అది ఊరుకోలేదు. ముందు ఆయన పూతరేకులంటే వద్దన్నాడు. తరవాత లెక్కలు చూసేటప్పుడు సన్నగా తీసే కూనిరాగం ఆగింది. ఒకరోజు హైమూ పోయి హైమ అయింది. ఇంకోరోజు ఆయన తలెత్తకుండా "అక్కడ పెట్టి వెళ్లు" అన్నాడు. కోపమేం లేదు ఆ మాటలో. తీపి లేదు, అంతే.

పాల్ జయకర్‌కి ఇది ఎంతగానో నచ్చింది. ఇంతకు ముందు ఎవరన్నా ముసలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని వస్తే ముక్తేశ్వరరావు కరిగిపోయి క్లెయిము పాస్ చేసేసేవాడు. ఇప్పుడు రూలు చదివి వినిపించి, తరవాతి మనిషిని పిలుస్తున్నాడు. ఆ నెల బ్రాంచికి షీల్డు వచ్చింది.

"మీవారిలో ఇంత మంచి ఆఫీసరు ఉన్నాడని ఇన్నేళ్లూ తెలీలేదమ్మా" అన్నాడు జయకర్. "ఆ జిగురంతా అడ్డం పడింది."

హైమ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"కంగారు పడకండి" అన్నాడు డాక్టరు. "ఈస్టు ముందు తేలికైన తీపి తింటుంది, ఆ తరవాత బరువైంది. కొంత తీపి మాత్రం దేనికీ లొంగదు. మంచి రెడ్ ఏల్ అన్నాక చివర్న అది నాలిక్కి తగలాలి."

"ఎంత మిగుల్తదండీ?"

"మొదట్లో ఎంత పోశారన్న దాన్ని బట్టి ఉంటుందమ్మా."

హైమ ఆటోలో ఇంటికొస్తూ మొదట్లో ఎంత పోశారో గుర్తు చేసుకుంది. పెళ్లైన కొత్తలో కరెంటు పోయిన రాత్రుళ్లు డాబా మీద ఆయన తడిపిన తువ్వాలుతో విసిరేవాడు. పిల్లాడు పుట్టినప్పుడు ఆసుపత్రి గుమ్మంలో పోయేవాళ్లందరికీ బందరు లడ్డూలు పంచి, ఆవిడకి ఉంచడం మర్చిపోయాడు. కాస్త మిగలొచ్చులే అనుకుంది. అయినా తొందరగా ఇంటికి తెచ్చుకోవాలి, ఉన్నదన్నా దక్కుతుంది అనుకుంది.

ఈలోగా అపార్ట్‌మెంట్లో ఎవరో ఫిర్యాదు చేసినట్టున్నారు, హైమ క్యారేజీ తెచ్చిన వేళకే ఎక్సైజు ఎస్సై గౌస్ ఆఫీసుకొచ్చాడు. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చెయ్యడం నేరం. ముక్తేశ్వరరావు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, గౌస్ ఆలోచనలో పడ్డాడు.

"తయారు చేసింది ఈయనే. తయారైందీ ఈయనే. ఇప్పుడు ఈయన్ని ముద్దాయి కింద రాయాలా, ముద్దెమాలు కింద రాయాలా?"

"తేడా ఏంటి సార్?" అంది హైమ.

"ముద్దాయైతే మా స్టేషన్లో పెట్టాలి. అక్కడ ఫ్యాను కూడా తిరగదమ్మా, సాయంత్రానికి వెనిగరైపోతాడు. ముద్దెమాలైతే, అంటే పట్టుబడ్డ సరుకైతే, దొరికిన చోట దొరికిన స్థితిలో సీలేసి భద్రం చెయ్యాలి. నేను మంచికే చెప్తున్నా."

మంచికే ముద్దెమాలు అని రాశారు. సర్వర్ రూము తలుపుకి లక్క సీలు పడింది. హైమ కిటికీ అద్దంలోంచి చూసి వచ్చేది. కోర్టులో కేసు తొందరగానే తేలిపోయింది. అమ్మకానికి తయారు చెయ్యలేదు గనక హెచ్చరించి వదిలేశారు, వస్తువుని సొంతదారుకి అప్పగించమన్నారు. గౌస్ మళ్లీ వచ్చాడు. హైమ ఒకవైపు, పాల్ జయకర్ ఒకవైపు నిలబడ్డారు.

"సొంతదారు ఎవరు?"

"నేనే. నాకు తాళి కట్టాడు సార్ ఆయన" అంది హైమ.

"నిజమే. అది మీ మెళ్లో ఉంది కదమ్మా. మీరు ఆయన మనిషని దాంతో తేలుద్ది. ఆయన మీ మనిషని తేలాలంటే ఆయన మెళ్లో ఏముందో చూడాలి."

అందరూ అద్దంలోంచి చూశారు. ముక్తేశ్వరరావు మెళ్లో నీలం తాడుకి ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతోంది. పాల్ జయకరే పెద్దమనసు చేసుకున్నాడు.

"పోన్లెండి సార్, సంసారం మనిషి. ఆయన వస్తానంటే తీసుకుపొమ్మనండి. మేమేం పట్టుకు కూచోలేదుగా."

ఆ రాత్రి హైమ తల్లి దిండు కిందనుంచి రిమోటు తీసుకుంది. పద్దెనిమిది నొక్కింది. సుభద్రమ్మ లేచి కూచుంది.

"నా మోకాళ్లేం కాను?"

"దుప్పటి కప్పుకోమ్మా."

"మొగుడి కోసం కన్నతల్లిని గడ్డకట్టిస్తావా?"

"అవునమ్మా" అంది హైమ. ఇంత చిన్న మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ అనలేదు. సుభద్రమ్మ రెండు దుప్పట్లు కప్పుకుంది.

మర్నాడు హైమ ఆయన చెప్పులూ, మెత్తటి నూలు చొక్కా, ఎండ తగలకుండా నల్లగొడుగూ పట్టుకుని ఆఫీసుకెళ్లింది. గ్లాసులో బుడగలు ఆగిపోయి అప్పటికి రెండు రోజులైంది. మడ్డి అంతా పాదాల్లోకి దిగిపోయి, ముక్తేశ్వరరావు నిలువునా తేటగా, ఎర్రగా, వెనక బీరువాల దీపాలు మిణుకుమిణుకుమంటూ కనపడేలా ఉన్నాడు. సీలు తీశారు. తలుపు తెరిచారు. వరండాలో వేడి ఒక్కసారిగా గదిలోకి తోసుకొచ్చింది.

హైమ ఒక చేత్తో తలుపు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "రండి, ఇంటికి పోదాం. ఇల్లంతా చల్లగా పెట్టాను. అమ్మని కూడా ఒప్పించాను."

ముక్తేశ్వరరావు చెవిలో గొట్టం తీసి పక్కన పెట్టి, లేచి వచ్చాడు. గుమ్మానికి అడుగు దూరంలో ఆగాడు. ఆవిడ మొహంలోకి చూశాడు. ఎండకి కందిపోయిన ఆ మొహం చూస్తుంటే, ఆయన మొహంలో ఏదో అడుగునుంచి మెల్లగా పైకి తేలుతున్నట్టనిపించింది.

"హైమూ" అన్నాడు.

ఎన్నాళ్ల తరవాతో విన్న మాట. గొంతు నిండా తీపి ఉంది. డాక్టరు చెప్పింది నిజమే, అది దేనికీ లొంగలేదు. హైమకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంటండీ?"

"తలుపెయ్యవే. చల్లగాలి పోతోంది."

ఆయన అంత ముద్దుగా అడిగాక ఇంక ఆలోచించడానికేముంది. హైమ ఒక అడుగు వెనక్కి వేసి, చప్పుడు కాకుండా తలుపేసింది. వేశాక చూసుకుంటే తను బయటివైపు ఉంది. పట్టుకొచ్చిన చెప్పులు చేతిలోనే ఉన్నాయి. మళ్లీ తీద్దామా అని ఒక్క క్షణం అనుకుంది గానీ, ఏసీ గది తలుపు మాటిమాటికీ తియ్యడం ఏ ఇంట్లోనైనా తప్పే.