మూతలేని బహుమతి పెట్టె

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: తలుపుల మేస్త్రి, ఆయన భార్య, కాలేజీకి సెలవు కాబట్టి పదింటిదాకా దుప్పటి వదలనన్న వాళ్ల కూతురు, మేస్త్రికి స్వయానా అక్క అయిన అత్తయ్య. నిజానికి ఆమె అత్తయ్య అయ్యేది ఒక్క ఆ అమ్మాయికే. కానీ వీధి వీధంతా అలాగే పిలిచేది. పిలవనివాళ్లుంటే ఆమే వెళ్లి పలకరించి పిలిపించుకునేది. ఇంకో మనిషి కూడా ఉన్నాడు గానీ, ఉన్నాడనీ అనలేం, లేడనీ అనలేం. పక్కింటి టైలరు. ఆయన కుట్టుమిషను సరిగ్గా వీళ్ల ముందుగది కిటికీకి ఎదురుగా ఉండేది. ఈ ఇంటి మాటల్లో సగం ఆయన కుట్లలో కలిసిపోయేవి.

ఆ ముందుగది గురించే గొడవంతా. అత్తయ్య ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆమె మంచం హాల్లో, ఫ్రిజ్‌కీ వీధి తలుపుకీ మధ్య ఉండేది. ఎవరు నీళ్లు తాగాలన్నా ఫ్రిజ్ వెలుగు ఆమె ముఖం మీదే పడేది. ఎవరు చెప్పులు విప్పినా ఆమె దిండు పక్కనే విప్పేవారు. ముందుగదిలో మాత్రం ఒక బల్ల, నాలుగు రంపాలు, గోనెసంచులనిండా చెక్కముక్కలు హాయిగా కాళ్లు చాపుకుని ఉండేవి.

ఇరవై ఆరేళ్లు తలుపులూ ద్వారబంధాలూ తప్ప ఇంకేమీ చెయ్యని మేస్త్రికి ఈమధ్య చిన్న వస్తువుల మీద మనసు పోయింది. ఓడల్లో గదులు అలంకరించే ఒక కార్ఖానా మూసేస్తూ మిగిలిన ముక్కలు పారేస్తుంటే, సైకిలు మీద ఏడుసార్లు తిరిగి తెచ్చుకున్నాడు. అన్నీ సముద్రాలు దాటి వచ్చిన గట్టి చెక్కలు. ఒకటి నిప్పులా ఎర్రగా ఉండేది. ఒకటి కోసినప్పుడు బూడిద రంగులో ఉండి, వెలుతురు తగిలేకొద్దీ ఊదారంగుకు తిరిగేది. ఒకటి నల్లగా, నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. ఒకటి పాలమీగడలా తెలుపు. వాటితో ఒక బహుమతి పెట్టె చెయ్యాలని మూడు వారాలుగా కూర్చున్నాడు. ఊళ్లో పెద్ద బహుమతుల షాపు నడిపే మేడమ్ ఆ సాయంత్రం నాలుగింటికి దాన్ని చూడటానికి వస్తానంది.

మేస్త్రి భార్య తీర్పు ముందే చెప్పేసింది. "ఆవిడ సరేనంటే గది మీది. వద్దంటే పొద్దుగూకేలోపు మీ చెక్కలు పెరట్లో రేకుల కిందికి, వదిన మంచం గదిలోకి."

"నాకేం తొందరలేదమ్మా," అంది అత్తయ్య. అన్న మర్నాడే కర్టెన్ల గుడ్డ కొనుక్కొచ్చింది.

ఆ పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తమ్ముడు బయటికి వెళ్లగానే గదిలోకి దూరి కిటికీ కొలత తీసుకుని టైలరుకి ఇవ్వాలి. అంతే.

తొమ్మిదింటికి మేస్త్రి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మూతకి బిగించే గోరంత ఇత్తడి మడతబందులు దొరకాలి, నాలుగు కొట్లయినా తిరగాలి. నేనొచ్చేదాకా గదిలోకి ఎవరూ వెళ్లొద్దు," అని చెప్పి వెళ్లాడు. ఎందుకు వెళ్లొద్దో చెప్పలేదు. ఆయన ఎప్పుడూ అంతే, చెక్కతో మాట్లాడినంత వివరంగా మనుషులతో మాట్లాడడు. ఫోను కూడా బల్ల మీద రంపంపొట్టులో వదిలేశాడు.

ఆయన సందు తిరిగాడో లేదో అత్తయ్య మేనకోడల్ని లేపి, టేపు రెండో కొస పట్టుకోమని గదిలోకి తీసుకెళ్లింది. కిటికీ ముందు బల్ల, బల్ల మీద పెట్టె. దాని చుట్టూ సైకిలు ట్యూబు ముక్కలు బిగించి ఉన్నాయి. పక్కన పెడదామని అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుంది. బాగుంది. ఎర్ర గోడలు, వాటి నడుమ తెల్ల పట్టీ, మూలల్లో నల్ల చెక్క, పైనా కిందా ఊదా. మూత ఎలా తెరుచుకుంటుందో చూద్దామని ట్యూబు ముక్కలు విప్పింది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. ఆరు వైపులూ చూసి మళ్లీ మొదటి వైపుకే వచ్చింది.

"ఏమే, దీనికి మూతేదీ?"

"పైది మూత కాదా అత్తా?"

"పైదేదో చెప్పు ముందు."

మేనకోడలు కూడా తిప్పి చూసింది. ఎటు చూసినా అతికించేసి ఉంది. ఎక్కడా వేలిగోరు కూడా దూరదు.

అత్తయ్య స్టూలు మీద కూలబడింది. విషయం ఆమెకు అర్థమైపోయింది. ఇరవై ఆరేళ్లు లోకానికంతా తలుపులు చేసిపెట్టిన తమ్ముడు, ధ్యాసలో పడి తలుపు లేని పెట్టె చేశాడు. చేసి, దానికి బందులు కొనడానికి వెళ్లాడు.

ముందు గది తనదే అనిపించింది. తర్వాత ఆ మేడమ్ పెట్టె తిప్పితిప్పి చూసి నవ్వడం కళ్లకు కట్టింది. చిన్నప్పుడు రెండు కాళ్లూ నిక్కరు ఒకే గొట్టంలో దూర్చుకుని బడికి బయల్దేరిన తమ్ముడు గుర్తొచ్చాడు. ఆ రోజు సందు చివరిదాకా పరిగెత్తి వెనక్కి లాక్కొచ్చింది తనే. గది తనకు రావాలి, కాదనలేదు. కానీ వాడు నవ్వులపాలై రాకూడదు.

"మీ నాన్నకి చెప్పకు. వాడొచ్చేలోపు మనమే తెరుద్దాం," అంది.

"నాన్న ఎవరూ ముట్టుకోవద్దన్నారు."

"ముట్టుకోవద్దనలేదు, గదిలోకి వెళ్లొద్దన్నాడు. వెళ్లడం అయిపోయిందిగా."

పెట్టె చుట్టూ, అంచుకి బొటనవేలంత కిందగా, సన్నటి పెన్సిలు గీత ఒకటి ఉంది. "పిచ్చిగీతలు," అంటూ అత్తయ్య తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. తుడుస్తుంటే లోపల ఏదో టక్‌మని కదిలింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తయ్య చెవి దగ్గర పెట్టి ఊపింది.

"నా దుద్దు!" అంది. మొన్న పోయిన కుడిచెవి దుద్దు.

"ఇలా ఇవ్వు అత్తా." మేనకోడలు ఊపింది. "దుద్దేంటి, ఇది నా ఇయర్‌ఫోన్. ప్లాస్టిక్ చప్పుడు."

అప్పుడే వంటింట్లోంచి మేస్త్రి భార్య వచ్చింది. నిన్నటినుంచి బీరువా తాళంచెవి కనపడక, వచ్చే అతిథి ముందు నూనె మరకల బట్టలతో నిలబడాలా అని కుతకుతలాడుతోంది. పెట్టె లాక్కుని ఒక్కసారే ఊపింది.

"నాకు తెలుసు! ఆ మనిషి నా తాళంచెవి తీసుకెళ్లి దీంట్లో పెట్టి అతికించేశారు. వదినా, స్క్రూడ్రైవర్ ఎక్కడ?"

"గీత పడుతుందమ్మాయ్!"

"పడనీండి. బీరువా తెరుచుకోకపోతే నా ముఖం మీద పడుతుంది గీత."

కిటికీ అవతల మిషను ఆగింది. "ఆవిరి పట్టండి అత్తయ్యగారూ," అన్నాడు టైలరు. "జిగురు ఏదైనా సరే, వేడికి వదులుతుంది. నా ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది, తెమ్మంటారా?"

"మేం పిలిచామా?"

"పిలవక్కర్లేదు, అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి," అంటూ ఆయన ఇస్త్రీపెట్టెతో సహా వచ్చేశాడు.

బుస్సుమని ఆవిరి కొట్టారు. జిగురు వదల్లేదు. ఎర్ర చెక్క మాత్రం రంగు వదిలింది. అది సన్నగా జారి తెల్ల పట్టీలోకి పాకి, మీగడలాంటి తెలుపు కాస్తా లేత గులాబీ అయి కూర్చుంది. నలుగురూ దాని మీదికి వంగి చూశారు. టైలరు ఇస్త్రీపెట్టె చల్లారిందని గొణిగి వెళ్లిపోయాడు.

"చంపావు పో," అని అత్తయ్య ఆయన వీపుకి చెప్పి, అలమరలో తమ్ముడు మెరుగుకు వాడే నూనె సీసా అందుకుంది. మరక కనపడకుండా పెట్టె అంతా నూనె పట్టించింది. ఆ పని ఆమె మనసుపెట్టి చేసింది. పది నిమిషాల్లో చెక్క లోపలి నారంతా లేచి మెరిసింది. ఊదా ఊదాగా, నలుపు నలుపుగా పండాయి. అతుకులు కూడా మాయమయ్యాయి. ఇప్పుడు ఏది పైనో, ఏది కిందో చేసినవాడికి కూడా తెలియదు.

వీధిలో కారు ఆగింది.

"నాలుగింటికి ఇంకో పనుంది, అందుకే ఇప్పుడే వచ్చాను," అంటూ షాపు మేడమ్ లోపలికి వచ్చింది. పదకొండున్నరైంది. "మేస్త్రిగారు లేరా?"

"ఆయన... బందులు..." అని మేస్త్రి భార్య కొంగుతో నూనె మరక కప్పుకుంటుండగా, మేడమ్ పెట్టె అందుకుంది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. ఆరు వైపులూ చూసింది.

"ఈ గులాబీ రంగు ఎలా తెచ్చారు?"

"అది ఆయన రహస్యమండి," అంది అత్తయ్య.

"బాగుంది. మూతేదీ?"

మేనకోడలు అత్తయ్య వెనక్కి జరిగింది. కిటికీ అవతల మిషను ఆగింది. నవ్వబోతున్న మనిషి పెదవులు ఎలా కదులుతాయో అత్తయ్యకు బాగా తెలుసు. మేడమ్ పెదవులు అలాగే కదలబోయాయి. ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, సాయంత్రానికి గదిలో మంచం పడుతుంది.

"మూత ఉండదండి," అంది అత్తయ్య.

"అంటే?"

"మూతున్న పెట్టెలు ఎక్కడైనా దొరుకుతాయి. తెరుస్తారు, చూస్తారు, ఇంతేనా అంటారు. అటక మీద పడేస్తారు. దీనికి ఆ బాధ లేదు. లోపల ఏముందో ఇచ్చినవాళ్లకే తెలుసు. పుచ్చుకున్నవాళ్లు బతికినంతకాలం ఊపుకుని చూసుకోవాల్సిందే."

"నిజంగా ఏముంది ఇందులో?"

"నా తాళం..." అని మేస్త్రి భార్య మొదలుపెట్టింది. అత్తయ్య ఆమె కాలు తొక్కింది.

మేడమ్ పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది. ఇంకోసారి ఊపింది. ఆమె ముఖం ఎందుకో మెత్తబడింది. "మా నాన్న జేబులో చిల్లర ఇలాగే చప్పుడయ్యేది," అంది. పెట్టె కిందికి దించి, "అరవై కావాలి. అన్నీ ఇలాగే, గులాబీ పట్టీతో. ఒక్కొక్కటి ఒక్కో రకంగా చప్పుడు చెయ్యాలి. మూత పెడితే మాత్రం తీసుకోను. ఇది నేను తీసుకెళ్తున్నాను," అని చెప్పి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని కారెక్కింది.

కారు సందు తిరుగుతుంటే మేస్త్రి ఎదురొచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. ముఖం వెలిగిపోతోంది. "దొరికాయి! ఐదో కొట్లో దొరికాయి. ఇక మూత కోసెయ్యడమే," అంటూ గదిలోకి వెళ్లి, అంతే వేగంగా వెనక్కి వచ్చాడు. "పెట్టేదీ?"

"కోయడమేంట్రా?" అంది అత్తయ్య.

"మూత కోయాలక్కా. ముందు ఆరు వైపులూ మూసి అతికించేస్తాం, ఆరాక గీత మీద రంపం పెట్టి పైభాగం కోస్తాం. అప్పుడే మూత నారా పెట్టె నారా ఒకటిగా కలుస్తాయి. విడిగా చేస్తే మూత ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. గీత కూడా గీసి పెట్టాను. పెట్టేదీ?"

అత్తయ్య తడిగుడ్డను కొంగు కింద దాచుకుంది. జరిగిందంతా మేనకోడలే చెప్పింది, పూసగుచ్చినట్టు, తడిగుడ్డ దగ్గర్నుంచీ.

మేస్త్రి ముందు తల పట్టుకున్నాడు. ఆవిరి సంగతి వచ్చేసరికి నేల మీద కూర్చున్నాడు. అరవై అన్న దగ్గర లేచి నిలబడ్డాడు.

"మరి లోపల ఏముంది?" అంది భార్య. "నా తాళంచెవేనా?"

"లోపల ఏముంటుంది? జిగురు చుక్క ఎండి ఊడి ఉంటుంది." చేతికేదో తగిలినట్టు జేబులోంచి తాళంచెవి తీశాడు. "ఇదా? గది తాళం అనుకుని నిన్న జేబులో వేసుకున్నాను."

భార్య దాన్ని లాక్కుని, ఇక తీర్పు మళ్లీ చదవాల్సిన పనిలేదన్నట్టు, హాల్లో అత్తయ్య మంచం కింద ఉన్న రెండు చెక్కల సంచులు కూడా ఈడ్చుకొచ్చి ముందుగదిలో పెట్టింది. అరవై పెట్టెలంటే చోటు కావాలి కదా. చెక్కలు పెరట్లోకి వెళ్లలేదు. కర్టెన్ల గుడ్డ మాత్రం ఎర్ర చెక్క దుమ్ము కిటికీలోంచి టైలరు మీదికి పోకుండా అడ్డంగా మేకులు కొట్టడానికి పనికొచ్చింది.

"అక్కా, నువ్వే లేకపోతే ఈ గది పోయేది," అన్నాడు మేస్త్రి. మనస్ఫూర్తిగానే అన్నాడు, అదే ఎక్కువ బాధ.

"పోయేదే," అంది అత్తయ్య.

"ఆ గులాబీ రంగు మళ్లీ ఎలా తేవాలో, ఏ దాంట్లో ఏం వేస్తే ఏ చప్పుడొస్తుందో, అంతా కొత్తగా చూసుకోవాలి. జిగురు ఆరేదాకా దుమ్ము రేగకూడదు. ఇకమీదట ఎవరూ లోపలికి రావొద్దు."

"రాను లేరా. ఒక్క మాట విను. ఒకదాంట్లో గుండీ వెయ్యి, ఒకదాంట్లో ఎండిన గింజ వెయ్యి, ఆవిరి మాత్రం ముందు ఎర్ర చెక్క వైపునుంచి..."

మేస్త్రి ఎంతో మర్యాదగా తలుపు మూసి లోపల గడియ పెట్టుకున్నాడు.

అత్తయ్య మిగతా యాభై ఎనిమిది చప్పుళ్లూ తలుపుకే చెప్పింది, అది మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నది.