మునిగిన ఊరి పుచ్చగింజలు

ఆ ఉదయం షౌకీ అనుకున్నది చాలా చిన్న పని. పదకొండింటికి కమిటీ వస్తుంది. కైరో మ్యూజియంలో తాను ఇరవై ఆరేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న విత్తనాల గదిని మూసేసి క్యాంటీన్ పెట్టాలా వద్దా అన్నది తేలుస్తుంది. గదిలో మూడు వేల సీసాలున్నా షౌకీ నమ్మకమంతా ఎర్ర మూత సీసా మీదే. నైలు మీద కట్టిన ఆనకట్ట నీళ్లలో మునిగిపోయిన నూబియా ప్రాంతపు ఊళ్లో, అతని అమ్మమ్మ పాదుల్లో కాసిన పుచ్చకాయల గింజలవి. ఊరే లేదు, ఇక పాదెక్కడ? లోకం మొత్తం మీద ఆ జాతి ఆ సీసాలోనే మిగిలింది.

తీరా చూస్తే అతనెక్కిన మినీబస్సు వంతెన మీద కదలకుండా నిలబడిపోయింది. మ్యూజియంలో టీ కాచే ఉమ్ రజబ్‌కు ఫోన్ చేశాడు.

"నా బల్ల మీద ఎర్ర మూత సీసా ఉంది. అందులో గింజలు పళ్లెంలో పోసి కమిటీవాళ్ల ముందు పెట్టు."

"అలాగే పెట్టెయ్యనా ఉస్తాద్?"

"కాస్త శుభ్రంగా పెట్టు. మన పరువు పోకూడదు."

పరువు తెలిసిన ఆడమనిషి అతిథికి పచ్చి గింజలు పెడుతుందా? ఉమ్ రజబ్ స్టవ్ వెలిగించింది.

షౌకీ వచ్చేసరికి ముగ్గురు అధికారులూ గింజలు కొరుకుతూ పొట్టు నేల మీద ఊస్తున్నారు. "రావయ్యా షౌకీ, గింజలంటే ఇవీ," అన్నాడు ఛైర్మన్ రిఫ్అత్ బే. పళ్లెంలో ఇంకా పదో పన్నెండో ఉండటం షౌకీ చూశాడు. మొలకెత్తకపోయినా చూపించుకోవడానికైనా మిగులుతాయన్న ఆశతో నోటికొచ్చింది అనేశాడు.

"తినకండి రిఫ్అత్ బే. పురుగు పట్టకుండా వాటికి మందు కొట్టాం."

అంబులెన్సు వచ్చింది. ముగ్గురి కడుపులూ కడిగారు. మిగిలిన గింజల్ని పరీక్షకని పోలీసులు పట్టుకెళ్లి నూరేశారు. మందు జాడే లేదు.

"ఎందుకయ్యా అబద్ధమాడావు?" అన్నాడు స్టేషన్ అధికారి.

"ఆ గింజలు ఇంకెక్కడా లేవు సార్."

"అయితే ప్రభుత్వ సొత్తును వేయించింది ఈవిడా?"

ఉమ్ రజబ్ తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుని మూల కూర్చుని ఉంది. ఆమె పెన్షన్‌కు ఇంకా రెండేళ్లుంది. అధికారి ఒక కాగితం ముందుకు తోశాడు.

"అపురూపమని రాస్తే ఆవిడ లోపలికెళ్తుంది. మామూలువని రాస్తే అందరూ ఇంటికెళ్తారు. నీ ఇష్టం."

షౌకీ కలం అందుకున్నాడు. ఏడుపొచ్చింది. 'అవి బజారులో దొరికే మామూలు గింజలు, విశేషమేమీ లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

స్టేషన్ మెట్లు దిగుతూ ఉమ్ రజబ్ నిష్ఠూరంగా అంది: "మామూలు గింజలకేనా ఉస్తాద్ ఇంత రాద్ధాంతం? ముందే చెబితే నేనే కొనుక్కొచ్చేదాన్నిగా."

నెల తిరక్కుండా కమిటీ నివేదిక వచ్చింది. గదిలో విశేషమేమీ లేదని దాని అధికారే సంతకం చేసి ఒప్పుకున్నాడు కనుక మూసెయ్యవలసిందని, క్యాంటీన్ బాధ్యత ఉమ్ రజబ్‌కు అప్పగించవలసిందని అందులో ఉంది.

గింజల్లో ఉప్పు కాస్త తక్కువైందని కూడా చివర్లో రాశారు.