పని వచ్చిన నర్సు పరీక్ష పాసయ్యే విధానం

భార్య మీద అతనికున్న ఫిర్యాదు ఒక్కటే: ఆమెకు పని వచ్చు. నర్సుల లైసెన్సు పరీక్షకు ఇంతకు మించిన అనర్హత లేదని అతని నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఆమె ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఆమె దగ్గర సూది పట్టుకోవడం నేర్చుకున్న అమ్మాయిలంతా మొదటిసారే పాసయ్యారు.

(మరి లైసెన్సు లేకుండా ఇన్నాళ్లూ ఎలా పనిచేసిందని ఎవరైనా అడగవచ్చు. "తాత్కాలిక సహాయకురాలు" అనే బిళ్ల మెడలో వేసుకుని చేసింది. పని ఆమెది, సంతకం ఇంకొకరిది. రోగులకు ఈ తేడా తెలియదు కాబట్టి కోలుకునేవారు.)

మూడోసారి కూడా తప్పితే ఇక వార్డులో అడుగు పెట్టనివ్వరు. ఆ బెంగతో ఆమెకు అన్నం సయించడం మానేసింది. భర్త బీమా కంపెనీలో క్లెయిములు తిరస్కరించే విభాగంలో గుమాస్తా. నియమం ఒక దారిన, జీవితం ఒక దారిన పోతాయని అతనికి ఉద్యోగరీత్యా తెలుసు. అందుకని శిక్షణ భారం తన నెత్తినే వేసుకున్నాడు.

"నీ లోపమేంటో తెలుసా? ప్రశ్న చదవగానే నీకు రోగి కనిపిస్తాడు."

"మరెవరు కనిపించాలండీ?"

"ప్రశ్న రాసిన అధికారి."

ఆ అధికారి హోదా సరైన జవాబుల సంచాలకుడు. ఆయన మనసులో ఒక ఆసుపత్రి ఉంది. అందులో నర్సుకొక్క రోగి. ఫోను ఇలా మోగితే డాక్టరు అలా ఎత్తుతాడు, పైగా విసుక్కోడు. చేతి తొడుగులు అందరి చేతులకూ సరిపోతాయి. రోగి బంధువులు వరసగా కూర్చుని, చెప్పింది విని, తల ఊపి వెళ్లిపోతారు.

"అక్కడ ఉద్యోగమిస్తే జీతం లేకుండా చేస్తాను," అంది ఆమె.

"అక్కడ ఖాళీలుండవు. పరీక్షలే ఉంటాయి," అన్నాడు భర్త, సూత్రాలు విప్పుతూ. ముందు గమనించాలి, చెయ్యి వేయకూడదు. నాలుగు జవాబుల్లో వార్డులో నిజంగా చేసేది కనిపిస్తే దాన్ని వెంటనే వదిలేయాలి. ఏమీ తోచకపోతే రోగి మనసులో మాట అడగాలి.

బట్టలు మడతపెడుతున్న అతని తల్లి తలెత్తింది. "ఒరేయ్, నీకు జ్వరం చూడ్డమైనా వచ్చుట్రా?"

"అమ్మా, నేను మాట్లాడేది పరీక్ష గురించి."

"ఓహో, అదా. అయితే కానియ్."

భార్య చదువుకి భంగం కలగకూడదని వంట కూడా అతనే మొదలుపెట్టాడు. పరీక్ష ఇంకో వారం ఉందనగా కూరగాయల కత్తి జారి బొటనవేలు తెగింది. అతను పెట్టిన కేకకు ఆమె పరుగెత్తుకొచ్చింది. ఆమె చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. బలవంతాన వెనక్కి లాక్కుంది.

"ఈ గాయం గురించి మీకేమనిపిస్తోంది?"

"అనిపించడమేంటే! రక్తం కారిపోతోంది!"

"మీ ఆందోళన నాకర్థమవుతోంది. ఇంకాస్త వివరంగా చెప్పండి."

"అమ్మాయ్, కట్టు కట్టవే!" అంది అత్తగారు.

"అది నేను నిజంగా చేసే పని అత్తయ్యా. ఆ జవాబు వదిలెయ్యాలి."

అతని ముఖం పాలిపోయింది గానీ, కళ్లు మెరిశాయి. "పాసైపోతావు," అన్నాడు. అని, కళ్లు తిరిగి పడిపోయాడు. (తెలివి వచ్చి చూసుకునేసరికి వేలికి కట్టు ఉంది. ఎవరు కట్టారో ఆమె చెప్పలేదు. పరీక్ష ముందు అలాంటివి ఒప్పుకోవడం క్షేమం కాదు.)

ఆమె పాసైంది. మామూలుగా కాదు, మంచి మార్కులతో. కొత్త బిళ్ల మెడలో వేసుకుని వార్డుకెళ్లిన మొదటి రోజే ఎన్నడూ లేనిది వేళకి ఇంటికొచ్చింది. తెల్ల చీర మీద మరక లేదు. మంచం మీద కూలబడలేదు సరికదా, కాఫీ కూడా అడగలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు భర్త, అభినందనలకు సిద్ధమై.

"అద్దాల గది ఇచ్చారండీ. కంప్యూటరు ముందు కూర్చుని అంతస్తు మొత్తానికి నేనే సంతకం పెట్టాలట. లైసెన్సున్న నర్సులు తక్కువ కదా, వాళ్లని రోగుల దగ్గర వృథా చేయకూడదని రూలు."

"మంచిదేగా?"

"చివరి మంచం పెద్దాయనకి సూదంటే భయం. నన్నే రమ్మని కేకేశాడు. లేవబోయాను. పెద్ద సిస్టరు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. 'నీకిప్పుడు లైసెన్సుందమ్మా' అంది."

"మరి సూది ఎవరు వేశారు?"

"కొత్త సహాయకురాలు. పరీక్ష రెండుసార్లు తప్పిందట. చెయ్యి ఎంత తేలికో! పెద్దాయనకి వేసినట్టే తెలియలేదు."

తిరస్కరించిన ఏ క్లెయిము విషయంలోనూ ఇంతవరకు నోట రాని మాట అతని నోట వచ్చింది.

"నేను తప్పు చేశాను."

"ఏమిట్రా? సరిగ్గా వినపడలా," అంది తల్లి, వినపడినా.

"తప్పు చేశానమ్మా! దీన్ని పాస్ చేయించకుండా ఉండాల్సింది."

"మీరేం చేస్తారులెండి," అంది భార్య, శుభ్రంగా ఉన్న తన చేతుల్ని చూసుకుంటూ. "తప్పినా వార్డులోకి రానిచ్చేవాళ్లు కాదుగా."