ఎనభై ఆరు చేతులు

శాసనసభ చర్చలు వినే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. ఆ హక్కు చెక్కుచెదరకూడదనే మన శాసనసభ దాన్ని లోపల పెట్టి తాళం వేసింది.

జూరకాన్ ఆ తాళం దాకా వెళ్లింది. పద్నాలుగో నంబరు బడిలో భూగోళం చెప్పే టీచరు ఆమె. కూతురు చోల్పోన్ ఒక నేలమాళిగలోని కుట్టు కార్ఖానాలో పనిచేసేది. కార్మిక చట్టానికి తెచ్చిన కొత్త సవరణ ప్రకారం తనిఖీ అధికారి ముప్పై రోజుల ముందు కబురు పెట్టి మరీ రావాలి. (యజమానులు కంగారు పడకూడదు కదా.) ఆయన కబురు పెట్టాడు. ఇరవయ్యో రోజున కార్ఖానాకు నిప్పంటుకుంది. వెనక తలుపుకు తాళం వేసి ఉంది. ముప్పయ్యో రోజున ఆయన మాట తప్పకుండా వచ్చి, వెనక తలుపుకు తాళం లేదని రాసుకుని వెళ్లాడు. (తలుపూ లేదు.)

ఆ ముప్పై రోజులు కావాలని సభలో ఎవరన్నారు, వద్దని ఎవరన్నారు? జూరకాన్‌కు అంతవరకు తెలిస్తే చాలు.

పారదర్శకతా విభాగం శాసనసభ భవనం వెనక, కిటికీలు లేని గదిలో ఉంది. అక్కడి గుమాస్తా తెమిర్‌కుల్ మర్యాదస్తుడు.

"చర్చ బహిరంగంగానే జరిగిందక్కా," అన్నాడు.

"మరి లోపలికి ఎవరిని రానిచ్చారు?"

"ఎవర్నీ రానివ్వలేదు. రానివ్వడం గేటు వాళ్ల పని. గేటు మా విభాగం కాదు."

"రాసిపెట్టిన ప్రతి ఉంటుందిగా తమ్ముడూ. అదివ్వు."

"తొమ్మిదో నమూనా నింపండి. ఎవరేం మాట్లాడారో అందులో రాస్తే, చూసి ఆ పేజీ ఇస్తాం."

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను?"

"నిజమేనక్కా. అందుకే ఇంతవరకు ఎవరూ రాలేదు." అతను గిన్నె నిండా టీ పోశాడు. మన దగ్గర అతిథికి గిన్నె నిండా పోస్తే ఇక లేవమని అర్థం. జూరకాన్ లేచింది.

నమూనాలో 'కారణం' అన్నచోట ఆమె 'కూతురు' అని రాసింది. కారణం స్పష్టంగా లేదని తిప్పి పంపారు. అప్పుడు కోర్టుకెళ్లింది.

చర్చ బయటపడితే దేశభద్రతకే ముప్పని ప్రభుత్వ న్యాయవాది మూడు వాయిదాలు వాదించాడు. నాలుగో వాయిదాలో జడ్జి ఎసెంకనొవా సీలువేసిన కవరు తెప్పించి విప్పింది. లోపల ఒక్కటే కాగితం.

"ఇది వంటకాల జాబితాలా ఉందే?"

"బిల్లును భోజన విరామంలో చేపట్టారండీ. విందు కుట్టు కార్ఖానాల యజమానుల సంఘం ఇచ్చింది."

"చర్చ?"

"మాంసం మెత్తగా ఉడికిందని ముగ్గురు సభ్యులు మాట్లాడారు. ఉప్పు దగ్గర ఒకాయన విభేదించారు."

"ఓటింగు?"

న్యాయవాది వివరించాడు. విందు ముగిశాక, అందరిళ్లలో చేసినట్టే, సభలో అందరికంటే పెద్దాయన దీవెన మొదలుపెట్టాడు. సభ్యులంతా రెండు అరచేతులూ ముందుకు చాచారు. కొత్తగా చేరిన లెక్కింపు అధికారి సరిగ్గా అప్పుడే లోపలికొచ్చి, చాచిన చేతులన్నీ లెక్కపెట్టాడు. అనుకూలం: ఎనభై ఆరు. వ్యతిరేకం: లేదు.

"సభ్యులు నలభై ముగ్గురే కదయ్యా?"

"ఏకగ్రీవం కంటే గట్టి మద్దతుగా పరిగణించామండీ."

జూరకాన్ లేచి నిలబడింది. "ఏమని దీవించాడాయన?"

న్యాయవాది కాగితం అందుకుని తిప్పి చూశాడు. "పిల్లలందరూ నూరేళ్లు బతకాలని, అక్కా."

తీర్పు జూరకాన్‌కే అనుకూలంగా వచ్చింది. చర్చ ప్రతి పొందే హక్కు ఆమెకు సంపూర్ణంగా ఉందని, చర్చే జరగలేదు గనక ఇవ్వాల్సిందేమీ లేదని, చట్టం మాత్రం అమల్లో ఉంటుందని కోర్టు తేల్చింది. (కేసు గెలిచినందుకు తెమిర్‌కుల్ ఫోన్ చేసి అభినందించాడు.)

చోల్పోన్ సంవత్సరీకానికి ఇరుగుపొరుగు వచ్చారు. తెమిర్‌కుల్ కూడా రెండు రొట్టెలు పట్టుకుని వచ్చాడు. భోజనాలయ్యాక పక్కింటి పెద్దాయన దీవెన కోసం అరచేతులు చాచాడు. అందరూ చాచారు. జూరకాన్ చేతులు మాత్రం ఒళ్లోనే ఉండిపోయాయి.

"ఏమ్మా?" అన్నాడు పెద్దాయన.

ఆమె తెమిర్‌కుల్ వైపు చూసింది. అతని దగ్గర కలం లేదని నిర్ధారించుకున్నాకే చేతులు చాచింది.